సోనిక్స్ (టాకోమా): ఏ రికార్డుతో మొదలెట్టాలి, ఆ గిటార్ మోత ఎలా వస్తుంది?

ఉక్కునగరం_ఫజ్
అందరికీ నమస్కారం. మా సీనియర్ ఒకాయన పంపితే సోనిక్స్ అనే అమెరికా రాక్ బ్యాండు వాళ్ళ "సైకో" పాట విన్నాను. 1965 నాటి రికార్డంటే నమ్మబుద్ధి కాలేదు. ఆ అరుపు, ఆ డ్రమ్ములు, అన్నీ కలిసి మీద పడిపోతున్నట్టున్నాయి. మా కాలేజీ బ్యాండులో నలుగురం ఉన్నాం, ఫెస్టులో వీళ్ళ పాట ఒకటి వాయించి తీరాలని పట్టుదలగా ఉన్నాం. ఏ ఆల్బంతో మొదలెట్టాలి? ప్లేటు కొనాలా, సీడీ చాలా? చిన్న ట్రాన్సిస్టర్ యాంపుతో ఆ గిటార్ మోత వస్తుందా? వీళ్ళని ఎవరైనా ఎదురుగా చూశారా? మాలో శాక్సఫోన్ వాయించేవాళ్ళు ఎవరూ లేరు, అది లేకుండా నడుస్తుందా?

టాకోమా_గాలి
తమ్ముడూ, నువ్వు ఈ పేరెత్తినందుకే సంతోషం. సియాటిల్ చుట్టుపక్కల మనవాళ్ళకి కొదవ లేదు. రెడ్మండ్, బెల్వ్యూ, బోథెల్, ఎటు పోయినా తెలుగే వినబడుతుంది. ఊరినుంచి చుట్టాలొస్తే జిమీ హెండ్రిక్స్ విగ్రహం దగ్గర ఫోటో తీయిస్తారు, నిర్వాణా పేరు చెబుతారు. కాస్త దక్షిణానికి దిగితే టాకోమా. అక్కడ పుట్టిన సోనిక్స్ పేరు మాత్రం ఒక్కరి నోటా రాదు. నాకు ఒళ్ళు మండేది అక్కడే.

ఆ రోజుల్లో టాకోమా అంటే కాగితం మిల్లులు, రాగి కొలిమి, పక్కనే ఫోర్ట్ లూయిస్ సైనిక స్థావరం. ఊరి కంపుకే దేశమంతా పేరు. కుర్రకారుకి వారాంతం వచ్చిందంటే ఆర్మరీ హాళ్ళలో, స్కేటింగ్ రింకుల్లో డాన్సులు. అంత పెద్ద హాల్లో చివరిదాకా వినబడాలంటే గట్టిగా వాయించక తప్పదు. సియాటిల్‌కీ టాకోమాకీ నడుమ, పాత 99వ నంబరు హైవే మీద, స్పానిష్ కాసిల్ అని ఒక డాన్సు హాలుండేది. హెండ్రిక్స్ పాటలో ఉన్న కాసిల్ అదే. 1968లో పడగొట్టేశారు. వీళ్ళకి ముందు ఆ ప్రాంతంలో దారి వేసింది వెయిలర్స్. బాబ్ మార్లీ వెయిలర్స్ కాదు, టాకోమా వెయిలర్స్. వాళ్ళ బేసిస్టు బక్ ఆర్మ్స్‌బీ, మరికొందరు బ్యాండువాళ్ళు కలిసి ఎటికెట్ రికార్డ్స్ అని సొంత లేబుల్ పెట్టుకున్నారు. 1964 నవంబరులో సోనిక్స్ తొలి సింగిల్ "ద విచ్" వచ్చింది దానిమీదే. పెద్ద కంపెనీ ఏదీ ఆ రికార్డుని వేలితో కూడా తాకి ఉండేది కాదు.

నల్ల_ప్లేటు
"ద విచ్" సింగిల్ గురించి ఎవరైనా మాట్లాడేటప్పుడు ఏ ముద్రణో చెప్పి మాట్లాడండి. మొదట వచ్చినదానికి రెండో వైపు లిటిల్ రిచర్డ్ పాట "కీప్ ఎ నాకిన్" ఉంటుంది. తర్వాతిదానికి "సైకో" ఉంటుంది. తేడా చిన్నదేం కాదు. ఎవరిదో పాట వేస్తే రచన హక్కుల డబ్బు వాళ్ళకి పోతుంది, గాయకుడు జెర్రీ రోజ్లీ రాసిన సొంత పాట వేస్తే ఇంట్లోనే ఉంటుంది. అదే ప్రాంతాన్ని ఊపేసిన "లూయీ లూయీ" రాసిన రిచర్డ్ బెర్రీ హక్కులు 750 డాలర్లకి అమ్ముకుని ఎంత నష్టపోయాడో అందరికీ తెలిసిందే.

నేను ఈ రెండో ముద్రణ కోసం ఎదురుచూసి, ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర డబ్బు కట్టాను. ఫోటోలో గీత లేదు. చేతికొచ్చినదానికి "సైకో" వైపు అడ్డంగా గోరుతో గీరినట్టు లోతైన గీత, సూది అక్కడికి రాగానే ఎగిరి పడుతుంది. వాపసు అడిగితే జవాబు లేదు. విదేశంనుంచి ప్లేటు తెప్పించుకునేవాళ్ళు దీపం కింద ఏటవాలుగా పట్టి తీసిన వీడియో అడగండి. ఫోటోని నమ్మొద్దు.

స్నేర్_సీను
గిటార్, గిటార్ అంటున్నారు. సోనిక్స్ అంటే డ్రమ్మరు బాబ్ బెన్నెట్. డ్రమ్ములన్నిటికీ కలిపి ఒక్క మైకు. సియాటిల్‌లో సౌండ్ ఇంజనీరు కెర్నీ బార్టన్ స్టూడియో, రెండు ట్రాకుల టేపు. మీటరు ముల్లు ఎర్రగీతలోకి పోతున్నా బ్యాండు తగ్గలేదు. నిర్వాణా గాయకుడు కర్ట్ కోబేన్ ఒక ఇంటర్వ్యూలో ఈ డ్రమ్ముల శబ్దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు.

నేను హైదరాబాద్ స్టూడియోల్లో సెషన్లు వాయిస్తాను. కిక్కుకి రెండు మైకులు, స్నేరుకి రెండు, టామ్ టామ్‌కి ఒక్కోటి, పైన రెండు, గదికి రెండు. అంతా అయ్యాక కంప్యూటర్లో ప్రతి దెబ్బనీ గీతమీదకి జరిపి, నా స్నేరు తీసేసి రెడీమేడ్ శాంపిల్ అతికిస్తారు. నా చెయ్యి ఎక్కడ ఉంది అందులో? బెన్నెట్ ఫిల్లు వేసేటప్పుడు ఒంటి ఊపుతో కాస్త తొందరపడతాడు, బ్యాండంతా ఆ తొందరలో వెంట పరిగెడుతుంది. "సైకో"లో ఆగి మళ్ళీ అందుకునే చోట వినండి. చెవిలో టిక్ టిక్ మంటూ లయ చూపే క్లిక్ ట్రాక్ పెట్టి ఆ పాట వాయించడం పాపం.

బెజవాడ_బార్‌కార్డ్
ఫజ్ బ్రో అడిగింది గిటార్ మోత గురించి. దానికి జవాబు ఒక్కటే. సోనిక్స్ గిటారిస్టు లారీ పరీపా స్పీకరు తీసి ఐసు పొడిచే సూదితో దాని కోనుకి (కాగితం గరాటుకి) చిల్లులు పెట్టేవాడు. నేనూ అదే పని చేశాను. పాత ఎనిమిది అంగుళాల స్పీకరు ఒకటి తీసుకుని కోను అంచుకి దగ్గరగా పొడిచాను. మోత అదిరింది! పెడళ్ళకి డబ్బు తగలెయ్యకండి.

కోఠి_వాల్వు
గీ చిల్లుల ముచ్చట ఎవ్వలు నమ్మకుండ్రి. నేను ఏండ్ల సంది కోఠిల వాల్వు యాంపులు, సినిమా హాళ్ళ పాత యాంప్లిఫయర్లు బాగు చేస్తున్న. హైదరాబాద్‌ల ఈ పని తెల్సినోళ్ళు ఇంక ఎంతమంది ఉన్నరో వేళ్ళ మీద లెక్కబెట్టొచ్చు. కోను చినిగితే ఏమైతది? కాయితం అంచులు ఒకదానికొకటి తాకి జర్రుమంటయి. అది కొన్ని సురాల దగ్గర్నే వస్తది, మిగిలిన చోట రాదు. సోనిక్స్ రికార్డుల మోత పై నుంచి కింది దాక ఒక్క తీరుగ ఉంటది. అది ఔట్‌పుట్ వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు రెండు మొత్తం దమ్ము మీద ఉరికితె వచ్చేది. వాల్యూం ఆఖరి దాక తిప్పి, కరెంటు సరిపోక యాంపు ఊపిరి బిగబట్టినట్టు అయితది సూడుండ్రి, గది. మంచి స్పీకర్లు కరాబ్ చేస్కోకుండ్రి పిల్లలు.

బెజవాడ_బార్‌కార్డ్
@కోఠి_వాల్వు, ఇది నా ఊహ కాదు సార్. బేస్ వాయించిన ఆండీ పరీపా స్వయంగా చెప్పాడు. లారీ తోబుట్టువే ఆయన. ఆ గదిలో ఉన్న మనిషి మాట కన్నా మీ కోఠి అనుభవం ఎక్కువా? 1958లో అమెరికా గిటారిస్టు లింక్ రే పెన్సిలుతో పొడిచాడు. 1964లో ఇంగ్లండు బ్యాండు కింక్స్ గిటారిస్టు డేవ్ డేవిస్ బ్లేడుతో కోసాడు. ఇంతమంది చేసింది తప్పైతే మీరు ఒక్కరే ఒప్పా?

కోఠి_వాల్వు
ఆండీ చెప్పిన మాట మొత్తం సదువు. యాంపులు ఎప్పటికి హద్దు దాటి మోగుతుండెనని ముందు అన్నడు. సూది ముచ్చట తర్వాత. నువ్వు ముందుది ఇడిచిపెట్టి వెనకది పట్టుకున్నవ్. డేవ్ డేవిస్ కోసింది ఎల్పికో అనే చిన్న పచ్చ యాంపు. దాని సిగ్నల్ తీస్కపోయి వాక్స్ ఏసీ30 అనే పెద్ద యాంపుల ఇచ్చిండు. అంటె ఒక యాంపు ఇంకో యాంపును తంతున్నది. బ్లేడు ఒక్కటే పని చేసుంటె రెండో యాంపు ఎందుకు? ఒక్క బ్లేడుతోని అయ్యే పనైతె నా దుకాణం ఎప్పుడో మూతబడు.

బెజవాడ_బార్‌కార్డ్
మీ దుకాణం కోసమే ఇదంతా చెబుతున్నారని ఇప్పుడర్థమైంది.

కోఠి_వాల్వు
నోరు జాగ్రత్త తమ్మీ. నేను ఎవ్వల దగ్గర పైస అడగలె. పిల్లగాడు పైసలు పెట్టి కొన్న స్పీకరు పాడైతదని చెప్తున్న. నీ ఎనిమిది అంగుళాల స్పీకరు రికార్డు చేసి పెట్టు, ఈడ అందరు ఇంటరు.

మోడరేటర్
ఇద్దరూ వ్యక్తిగతంగా పోకండి. చర్చ బాగుంది, స్పీకర్ల దగ్గరే ఉండండి.

పాత_పెరూ
మీరందరూ టాకోమా చుట్టూనే తిరుగుతున్నారు. ఇదే సమయంలో పెరూ రాజధాని లిమాలో లోస్ సైకోస్ ఉన్నారు. లిన్సే అనే పేటలో కుర్రాళ్ళు. 1965లో "డెమోలిసియోన్" వేశారు, రైల్వే స్టేషను కూల్చేద్దాం అని గొంతు చించుకునే పాట. ఎర్విన్ ఫ్లోరెస్ గొంతు విన్నాక రోజ్లీ గొంతు సాధువులా ఉంటుంది. బ్యాండు నడిచిన కాలంలో ఆరు సింగిళ్ళు తప్ప ఒక్క ఆల్బం లేదు. పంక్ రాక్ ప్రపంచంలో పుట్టింది ఇక్కడే అని లిన్సేలో వీధి మూల ఫలకం పెట్టారు. అన్యాయానికి గురైన బ్యాండు అంటే అది. ఇంగ్లీషులో పాడలేదని చరిత్రలోంచి తీసేశారు.

టాకోమా_గాలి
సైకోస్ అంటే నాకూ ప్రాణం. కానీ "ద విచ్" 1964 నవంబరు, "డెమోలిసియోన్" 1965. తేదీలు తేదీలే. ఫలకం పెట్టినంత మాత్రాన క్యాలెండరు మారదు.

పాత_పెరూ
తేదీల గొడవ కాదిది. ఒకళ్ళ పాట ఒకళ్ళు వినే వీలే లేని రెండు ఊళ్ళలో ఒకే కోపం పుట్టింది. మీకు ఆ సంగతి పట్టకుండా మా ఊరు ముందు అంటూ కూర్చున్నారు. మనదేశంలోనే సిమ్లా బీట్ అనే రాక్ బ్యాండ్ల పోటీల ఎల్పీలు 1970, 71లో వచ్చాయి. గరగరలాడే ఫజ్ గిటార్లతో ఊళ్ళనుంచి వచ్చిన కుర్ర బ్యాండ్లు. వాటిని మనమే ఎంతమందిమి విన్నాం?

నల్ల_ప్లేటు
సిమ్లా బీట్ అసలు ప్లేట్లు ఇప్పుడు దొరకడం మహా కష్టం. మళ్ళీ ముద్రించినవి ఉన్నాయి. దాని మీద వేరే చర్చ తెరవండి, నేను వస్తాను.

రాజమండ్రి_రీడు
శాక్సఫోన్ లేకుండా నడుస్తుందా అని తమ్ముడు అడిగితే ఇంతసేపూ ఒక్కరూ పలకలేదు. బాధేసింది. మా నాన్న పెళ్ళి బ్యాండులో శాక్సు వాయించేవారు, నేనూ ఊరేగింపుల్లోనే నేర్చుకున్నాను. నడిరోడ్డు మీద, జనరేటర్ పక్కన, బాణసంచా మధ్య వినబడేలా ఊదాలంటే రీడు ఎలా కొరకాలో మాకు తెలుసు. రాబ్ లిండ్ టెనర్ శాక్సు అలాగే ఉంటుంది. తియ్యగా ఊదడు, బుగ్గల్లోంచి కాదు కడుపులోంచి తోస్తాడు.

"ద విచ్" హెడ్‌ఫోన్లో వినండి. గిటార్ వాయించే రిఫ్‌నే, అంటే పదే పదే వచ్చే ఆ చిన్న వరసనే, శాక్సూ పట్టుకుంటుంది. రెండూ కలిసిపోయి మీకు ఒక పెద్ద గిటార్‌లా వినబడుతోంది. మీరంతా చిల్లులో, వాల్వులో అని కొట్టుకుంటున్నారే, ఆ మోతలో సగం శాక్సుది! గరగర పుట్టించేందుకు మేం ఊదుతూనే గొంతులో చిన్నగా కూనిరాగం తీస్తాం. రెండు శబ్దాలు ఢీకొని గీర పుడుతుంది. దీనికి ఏ యాంపూ అక్కర్లేదు.

కోఠి_వాల్వు
ఇది కరెక్టు ముచ్చట. నేను ఇన్నేండ్లు ఇంటున్న గాని ఇట్ల చెప్పినోడు లేడు. రాజమండ్రి అన్నా, నీకు దండం.

బెజవాడ_బార్‌కార్డ్
రిఫ్‌లో శాక్సు ఉందని నేనూ ఒప్పుకుంటాను. కానీ గిటార్ ఒక్కటే విడిగా వినబడే సోలో ఉంది కదా, అక్కడి గీర సంగతేంటి? చిల్లే.

కోఠి_వాల్వు
వాల్వే.

స్నేర్_సీను
మీరిద్దరూ గదిని మర్చిపోయారు. రెండో ఆల్బం "బూమ్" (1966) టాకోమాలోనే వైలీ-గ్రిఫిత్ అనే స్టూడియోలో తీశారు. అది కంట్రీ పాటలు రికార్డు చేసుకునే చోటు. గోడలకి శబ్దం పీల్చే సరంజామా బిగించి ఉంటే, వీళ్ళు దాన్ని పీకేశారు. మోత గోడకి కొట్టుకుని తిరిగి రావాలి వాళ్ళకి. ఇప్పుడు మన స్టూడియోలు చూడండి. నాలుగు గోడలకీ ఫోము, పైకప్పుకి ఫోము, కింద తివాచీ. చప్పట్లు కొడితే దూది మీద కొట్టినట్టుంటుంది. చచ్చిన గదిలో వాయించి, తర్వాత కంప్యూటర్లో "రూమ్" అనే మీట నొక్కుతారు. ఫజ్ తమ్ముడూ, ఫెస్టుకి ముందు డెమో తీస్తే మీ కాలేజీలో మెట్ల దారి పక్కన గచ్చు వరండా వెతుకు. పాత క్యాసెట్ డెక్కులో ఒక్క మైకుతో తియ్యి.

ఉక్కునగరం_ఫజ్
వరండా ఉంది అన్నా. మా వార్డెన్ ఒప్పుకోరు, సెలవుల్లో చూస్తాం. ఇంతకీ ఏ ఆల్బంతో మొదలెట్టమంటారు?

నల్ల_ప్లేటు
"హియర్ ఆర్ ద సోనిక్స్" (1965), తర్వాత "బూమ్". రెండూ మోనో (స్టీరియో కాదు, ఒకే ఛానెల్) ముద్రణలే. ప్లేటుకి డబ్బు లేకపోతే ఏస్ రికార్డుల కంపెనీవాళ్ళు 1993లో తెచ్చిన "సైకో-సోనిక్" సీడీలో ఎటికెట్ కాలం పాటలు దొరుకుతాయి. ప్లేట్లు కావాలంటే బ్రూక్లిన్ నార్టన్ రికార్డ్స్ వాళ్ళ ముద్రణలు చూడండి. 2012లో శాండీ తుఫాను వచ్చినప్పుడు రెడ్ హుక్‌లో ఉన్న వాళ్ళ గోడౌన్ మునిగింది. అభిమానులు పోగై ఒక్కో ప్లేటు కడిగి ఆరబెట్టారు. అలాంటివాళ్ళకి డబ్బిస్తే మనసుకి తృప్తిగా ఉంటుంది. 1967 "ఇంట్రడ్యూసింగ్ ద సోనిక్స్" మాత్రం ముట్టుకోకండి. హాలీవుడ్ తీసుకెళ్ళి గోళ్ళు కత్తిరించేశారు. బ్యాండువాళ్ళే దాన్ని అసహ్యించుకున్నారు.

గుంటూరు_ఘోష
ఎవరూ జెర్రీ రోజ్లీ గొంతు గురించి మాట్లాడటం లేదేమిటి? నేను చర్చి క్వయర్‌లో పాడుతూ పెరిగాను. లిటిల్ రిచర్డ్ పెరిగింది కూడా చర్చి పాటల మధ్యనే, రోజ్లీ ఆరాధించింది ఆయన్నే. ఆ అరుపు రాగంలోనే ఉంటుంది, శ్రుతి తప్పదు. గమనించండి. మగపిల్లలు వీళ్ళ పాట పాడదామని గొంతు నులుముకుని అరుస్తారు, రెండో పాటకే బొంగురు. "స్ట్రిక్నైన్"లో విషం తాగితే ఎంత బావుంటుందో అని పాడేటప్పుడు అతని గొంతులో ఆనందం ఉంది. కోపం కాదు. అది పట్టుకోకపోతే ఎంత అరిచినా ఆ పాట రాదు.

పాత_పెరూ
నేను చెప్పిందే మీరు ఇంకోలా చెబుతున్నారు. ఫ్లోరెస్‌లోనూ అదే ఆనందం. కూల్చేయడంలో ఉత్సాహం.

ఉక్కునగరం_ఫజ్
అక్కా, మా గాయకుడికి ఇదే ఇబ్బంది. ప్రాక్టీసు అయ్యాక మర్నాడు మాట రాదు. ఏం చెయ్యమంటారు?

టాకోమా_గాలి
ఘోష గారు చెప్పేలోపు ఒక మాట. ఎవరైనా ఎదురుగా చూశారా అన్నావు. నేను చూశాను. 2015లో "దిస్ ఈజ్ ద సోనిక్స్" వచ్చినప్పటి టూరులో. రోజ్లీ, లారీ, లిండ్ పాతవాళ్ళు, బేసూ డ్రమ్ములూ కొత్తవాళ్ళు. జిమ్ డైమండ్ ఆ ఆల్బంని మోనోలోనే తీశాడు. డెబ్భై ఏళ్ళు అటూ ఇటూగా ఉన్న రోజ్లీ కీబోర్డు వెనక కూర్చుని "హీజ్ వెయిటింగ్" అందుకుంటే ముందు వరసలో ఉన్న నా ఛాతీ అదిరింది. నడుమ ఇన్నేళ్ళూ ఏం చేశారో తెలుసా? లిండ్ వియత్నాం యుద్ధంలో పైలట్, తర్వాత విమానాలు నడిపాడు. లారీ ఇన్సూరెన్సులో. రోజ్లీ రోడ్లకి తారు వేసే పని. "ద విచ్" ఆ ప్రాంతంలో అంత బాగా అమ్ముడైనా, సియాటిల్ కేజేఆర్ రేడియో పిల్లలు బడినుంచి వచ్చే వేళ దాకా వేసేది కాదు. దేశమంతా ఆడే హిట్టు మాత్రం కాలేదు. 1972లో "నగ్గెట్స్" సంకలనం ఇలాంటి కుర్ర బ్యాండ్ల మొరటు రాక్ (గరాజ్) పాటలు పోగేసింది, అందులోనూ వీళ్ళు లేరు. 2007లో న్యూయార్క్ కేవ్‌స్టాంప్ సంగీతోత్సవం వేదిక ఎక్కేదాకా సగం ప్రపంచానికి వీళ్ళు బతికున్నారనే తెలియదు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగులుతుంది.

నల్ల_ప్లేటు
"నగ్గెట్స్" జాతీయంగా కాస్తో కూస్తో ఆడిన పాటల మీద కట్టింది. ప్రాంతీయ హిట్టు అందులో లేకపోవడం కుట్రేమీ కాదు.

టాకోమా_గాలి
కుట్ర అని నేనెక్కడన్నాను? అన్యాయం అన్నాను.

కోఠి_వాల్వు
ఫజ్ తమ్మీ, నీ ట్రాన్సిస్టర్ యాంపు ముచ్చట. దాని వాల్యూం పెంచితె చెవులల్ల సూదులు గుచ్చినట్టు అయితది, వాల్వు లెక్క మెత్తగ విరగదు. ముందట ఒక ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టు, దాని గెయిన్ సగం, లెవెల్ ఫుల్లు. యాంపు ట్రెబుల్ తగ్గించు. దొరికితె పాత వాల్వు రేడియో సెట్టు తీస్కొని తెల్సినోనికి చూపెట్టు. నువ్వు మాత్రం ఇప్పకు. ప్లగ్గు పీకినంక కూడ కెపాసిటర్లల్ల వందల వోల్టులు నిలిచి ఉంటయి, పానం పోతది. కొన్ని పాత రేడియోలకు ఛాసిస్ (లోపలి ఇనుప చట్రం) మీదనే కరెంటు ఉంటది, గసువంటిదానికి గిటార్ అస్సలు పెట్టొద్దు.

బెజవాడ_బార్‌కార్డ్
ఈ జాగ్రత్త సంగతి నేనూ ఒప్పుకుంటాను, తమ్ముడు వినాలి. నా స్పీకరు రికార్డింగు ఆదివారం పెడతాను. చిల్లు లేనిదీ, ఉన్నదీ, ఒకే యాంపుతో రెండూ.

కోఠి_వాల్వు
పెట్టు. వాల్యూం రెంటికి ఒకటే ఉంచు. నువ్వు పొడిచిన సూది ఫోటో కూడ పెట్టు.

గుంటూరు_ఘోష
@ఉక్కునగరం_ఫజ్, మర్నాడు మాట రావట్లేదంటే మీవాడు గొంతుతోనే తోస్తున్నాడు. కొన్నాళ్ళు అరుపు పూర్తిగా ఆపించండి, గుసగుస కూడా వద్దు, అది ఇంకా అరగదీస్తుంది. అప్పటికీ తగ్గకపోతే చెవి ముక్కు గొంతు డాక్టరుకి చూపించండి. కోలుకున్నాక ముందు పాటని మామూలు గొంతుతో, సరైన శ్రుతిలో పాడించండి. ఆ శ్రుతి నిలిచాక పొట్ట బిగించి ఊపిరి తోస్తూ, గొంతు వదులుగా ఉంచి, దగ్గు మొదలయ్యే చోట వచ్చే చిన్న గీరని దానిమీద చేర్చమనండి. మంట పుడితే అక్కడే ఆపాలి. మొదటి పాటగా "హీజ్ వెయిటింగ్" వద్దు. "బాస్ హాస్" తీసుకోండి, అరుపుల మధ్య ఊపిరి తీసుకునే చోటు ఉంటుంది. ఇంకోటి, వేదిక మీద మీవైపు తిప్పి పెట్టే మానిటరు స్పీకరులో అతని గొంతు అతనికి వినబడేలా చూడండి. వినబడక అరిచేవాళ్ళే ఎక్కువ.